సభలో నిలబడి అడిగిన గొంతు
(పసుపులేటి కన్నాంబ వర్ధంతి సందర్భంగా వడ్డాదిలో చేసిన స్మారకోపన్యాసం)



మే నెల ఉక్కపోతలో ఇంతమంది వచ్చి కూర్చున్నది నా మాటలు వినడానికి కాదని నాకు తెలుసు. నా తర్వాత నాటకం ఉంది. దానికోసం వచ్చారు. నాకేమీ చిన్నతనం లేదు. కన్నాంబగారి గురించి చెప్పాలంటే నాటకం కోసం చాపలు పట్టుకొచ్చిన జనాన్ని మించిన శ్రోతలు ఎక్కడ దొరుకుతారు? పట్నంలో ఏసీ హాల్లో చెబితే గంట తర్వాత కాఫీ ఎప్పుడని చూస్తారు. మీరు తెర ఎప్పుడు లేస్తుందా అని చూస్తారు. ఆవిడకు ఆ చూపే అలవాటు.

కన్నాంబగారు 1964 మే 7న మద్రాసులో కన్నుమూశారు. ఇప్పుడు ఆవిడ పేరెత్తితే అరవై దాటినవాళ్ళకు గుర్తొచ్చేది ఒకే బొమ్మ. నెరిసిన జుట్టు, తలమీద కొంగు, కళ్ళనిండా నీళ్ళు, బాధపడే తల్లి. పాత సినిమాల్లో ఏడుపు అమ్మ. ఆ బొమ్మ మీద నాకు చాలాకాలంగా కోపం. ఆవిడ గొప్ప పాత్రలన్నీ వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఏడ్చే ఆడవాళ్ళ కంటే అడిగే ఆడవాళ్ళే అందులో ఎక్కువ. అదీ ఇంట్లో కాదు, నలుగురిలో. రాజుగారి కొలువులో, నిండు సభలో, నడివీధిలో, కాటిలో. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఆ వరస గురించే. ఒకనాడు మత్స్యరాజులు కొలువుతీరిన ఊరు ఇది. నిండు సభలో ఆడమనిషి నోరు విప్పడం అంటే ఏమిటో ఈ నేలకు నేను వివరించనక్కర్లేదు.

ముందు నాటకం సంగతి. ఆవిడ ఏలూరులో పెరిగారు. నాటకంలోకి ఎలా వచ్చారన్నదానికి ఒక కథ ప్రచారంలో ఉంది. హరిశ్చంద్ర నాటకం జరుగుతోంది. చంద్రమతి వేషం వేసినాయన గొంతు ఆ రాత్రి పలకలేదు. జనం గోల. అంతలో జనంలోంచే ఒక చిన్నపిల్ల లేచి ఆ శోకం పద్యాలు అందుకుని పాడిందట. మర్నాటినుంచి ఆ పిల్లే చంద్రమతి. నాటకాలవాళ్ళ కథల్లో ఉప్పూకారం కాస్త ఎక్కువే ఉంటుంది కాబట్టి ఇందులో ఎంత నిజమో నేను పూచీపడను. కానీ కథ ఆ రూపంలోనే ఎందుకు నిలబడిందో గమనించండి. వేషం వేసింది మగవాడు, తడబడిందీ మగవాడు, పాడింది ఆడపిల్ల.

అప్పటి తెలుగు నాటకరంగం చాలావరకు అంతే. 1885లో కడప జిల్లా సురభిలో ‘కీచకవధ’తో మొదలైన సురభివాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళను వేదిక ఎక్కించారు. మిగిలిన సమాజాల్లో సత్యభామ మగవాడే, చింతామణి మగవాడే. మన ప్రాంతపు తూర్పు భాగవతంలో సత్యభామ జడ వేసుకుని గజ్జె కట్టేది మగవాళ్ళేనని మీకు నేను చెప్పాలా! విజయనగరంలో 1892లో ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడారు. ఆనాటి మధురవాణి కూడా మగవాడే. స్థానం నరసింహారావుగారు చీర కట్టి నడిస్తే ఆ నడక చూసి ఆడవాళ్ళు నేర్చుకున్నారని పెద్దలు ముచ్చటగా చెప్పేవారు. స్థానంవారి ప్రతిభ ముందు నేను చేతులు జోడిస్తాను. కానీ మగవాడు ఊహించిన ఆడదాని అందం వేరు, ఆడమనిషి తన గొంతుతో అడిగే ప్రశ్న వేరు. చంద్రమతి వేషం కన్నాంబగారి చేతికి వచ్చాక తేడా తెలిసింది.

పైగా మైకులు లేని కాలం. పెట్రోమాక్సు లైట్లు, హార్మోనియం, తబలా, అంతే. చెట్టెక్కి కూర్చున్నవాడికి కూడా పద్యంలో ప్రతి అక్షరం వినపడాలి. వినపడకపోతే వాడు ఊరుకోడు. అలాగని అరిస్తే పద్యం చచ్చిపోతుంది. అందుకే ఆ తరం నటులు గొంతును దూరానికి పంపే విద్య ఒకటి సాధించారు. కన్నాంబగారు ఆ విద్యలో ఇంకో మెట్టెక్కారు. శోకంలో మాట చెదరకుండా చూసుకున్నారు. ఇది చిన్న విషయం కాదు. నిజంగా ఏడ్చేవాడికి మాట రాదు. నటించి ఏడ్చేవాడు మాటను మింగేస్తాడు. ఆవిడ గొంతులో వణుకు ఉంటుంది, జీర ఉంటుంది, కానీ ఒత్తులు ఒత్తులుగానే, దీర్ఘాలు దీర్ఘాలుగానే ఉంటాయి. మన చోడవరం, మాడుగుల వైపు బెల్లం వండినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉండాలి. పెనంలో రసం ఉడికి ఉడికి పాకం దిగే ముందు దాని చప్పుడు మారుతుంది, కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది కదా. కన్నాంబ వచనం అంతే. మొదట పలచగా, మెల్లగా నడుస్తుంది. వాక్యం వాక్యానికీ చిక్కబడుతుంది. ఏ మాట దగ్గర దుఃఖం కోపమైందో చెప్పలేం, అయిందని మాత్రం చెవికి తెలిసిపోతుంది.

కడారు నాగభూషణంగారితో ఆవిడ జీవితం, నాటకం రెండూ కలిశాయి. రాజరాజేశ్వరి నాట్యమండలి పేర ఊరూరా తిరిగారు. ఆ తిరుగుళ్ళ కష్టం నేను వర్ణించను. నాటకమాడే ఆడమనిషిని లోకం ఏ కంటితో చూసేదో ఇక్కడున్న పెద్దవాళ్ళకు తెలుసు. రాత్రి పందిట్లో చంద్రమతికి దండం పెట్టినవాడే పొద్దున్న వీధిలో వెకిలిగా నవ్వేవాడు. ఆ గొంతులో పదును వేషంతోపాటు ఆ పగటిపూటల నుంచి కూడా వచ్చి ఉంటుందని నా ఊహ.

తెలుగు సినిమాకు మాట 1932 ఫిబ్రవరిలో ‘భక్త ప్రహ్లాద’తో వచ్చింది. అందులో లీలావతి సురభి కమలాబాయి. టాకీ అంటే అప్పట్లో నాటకాన్ని కెమెరా ముందు ఆడించడమే. నటులే పాడాలి, అక్కడికక్కడే పాడాలి. వాద్యగాళ్ళు తెర వెనకో చెట్టు చాటునో కూర్చుని వాయించాలి. గొంతు లేనివాడికి టాకీలో చోటు లేదు. అందుకే నిర్మాతలు తిన్నగా నాటక సమాజాల గుమ్మంలోకి వచ్చారు. 1935లో ‘హరిశ్చంద్ర’ తీశారు. అద్దంకి శ్రీరామమూర్తిగారు హరిశ్చంద్రుడు, కన్నాంబగారు చంద్రమతి. వేదికమీద సాధించిన చంద్రమతే ఆవిడను తెర మీదికి చెయ్యిపట్టి నడిపించింది.

మరుసటి ఏడాది తెలుగు సినిమా చరిత్రలో సరదా అయిన గొడవ. ఒకే కథ, రెండు సినిమాలు, ఒకే సంవత్సరం. ఒకటి ‘ద్రౌపదీ మానసంరక్షణం’. బళ్ళారి రాఘవ అంతటివాడు అందులో దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావుగారు కృష్ణుడు. రెండోది సరస్వతీ టాకీస్ వారి ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’. దర్శకుడు హెచ్.వి. బాబు. యడవల్లి సూర్యనారాయణగారు దుర్యోధనుడు, సి.ఎస్.ఆర్. కృష్ణుడు, కన్నాంబ ద్రౌపది. పందెంలో గెలిచింది రెండోదే. ఎందుకు గెలిచిందంటే వ్యాపారం తెలిసినవాళ్ళు వంద కారణాలు చెబుతారు. నా మటుకు నాకు ఆ కథకు ప్రాణం దుర్యోధనుడి మీసంలో లేదు, ద్రౌపది ప్రశ్నలో ఉంది. తన్ను తాను ఓడిన తర్వాత నన్ను ఒడ్డే హక్కు ఆయనకు ఎక్కడిదని ఆవిడ అడిగింది. భీష్ముడంతటివాడికి జవాబు దొరకలేదు. అంత బరువున్న ప్రశ్నను నిండు సభలో పలకగల గొంతు ఎవరికుందో వాళ్ళదే ఆ సినిమా.

1938లో ‘గృహలక్ష్మి’. రోహిణీ సంస్థ, హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వం. నాగయ్యగారికి అదే మొదటి సినిమా. తాగుడు, నాట్యకత్తె వలలో పడిన డాక్టరు, కూలిపోయిన సంసారం. ఇక్కడ రాజు లేడు, సభ లేదు, పురాణం లేదు. మరి మన మనిషి ఎక్కడ నిలబడి అడగాలి? దర్శకుడు ఆవిణ్ణి మద్రాసు వీధుల్లోకి వదిలాడు. మతి చెదిరిన ఇల్లాలు నడిరోడ్డు మీద పరుగెత్తుతూ సత్యాన్నీ న్యాయాన్నీ దేవుణ్ణీ నిలదీస్తుంది. పాతివ్రత్యం పాఠాలు చెప్పే రోజుల్లో ఒక గృహిణి పాత్ర చేత దేవుణ్ణి కడిగేయించారు. పిచ్చిదని ముద్ర వేస్తే గాని ఆ మాటలు ఆడదాని నోట పలికించే ధైర్యం కథకు లేకపోయింది, అది వేరే సంగతి. జనం మాత్రం ఆ పిచ్చితల్లిని నమ్మారు.

1940లో ‘చండిక’. రఘుపతి సూర్యప్రకాష్ దర్శకత్వం. కన్నాంబకు ఎదురుగా సాక్షాత్తూ బళ్ళారి రాఘవ. కత్తి, గుర్రం, రాజ్యకాంక్ష. పరాక్రమం చూపే ఆడవేషాలు తర్వాత ఎన్నో వచ్చాయి గాని, ‘నేనే రాణిని కావాలి’ అని మొహమాటం లేకుండా కోరుకున్న ఆడమనిషిని తెర మీద చూడటం అప్పటికి వింత. ఆ వరసలోనే సుమతి కథ కూడా చెప్పుకోవాలి. భర్త కోసం సూర్యుణ్ణి ఉదయించవద్దని ఆజ్ఞాపించిన ఇల్లాలు. పతివ్రత కథే, కాదనను. కానీ ఆజ్ఞ వినండి. అది బతిమాలడం కాదు.

ఇక తమిళం. 1940లో ‘కృష్ణన్ తూదు’తో అటు వెళ్ళారు. ఆవిడకు తమిళం రాదు. సంభాషణలు తెలుగు లిపిలో రాసుకుని కంఠస్థం చేసేవారని చెబుతారు. 1941లో ‘అశోక్ కుమార్’. అశోకుడు నాగయ్యగారు, కుణాలుడు త్యాగరాజ భాగవతర్. ఆవిడ తిష్యరక్షిత. సవతికొడుకును మోహించి, కాదన్నాడని అతని కళ్ళు పోగొట్టించిన రాణి. సభను అడ్డుపెట్టుకుని అన్యాయం చేసే ఆడది కూడా ఆ గొంతుకు లొంగింది. మరుసటి ఏడాదే సభలో న్యాయం అడిగే ఆడది. జూపిటర్ వారి ‘కన్నగి’. పి.యు. చిన్నప్ప కోవలన్, ఇళంగోవన్ సంభాషణలు. భర్తను అన్యాయంగా చంపించిన పాండ్యరాజు కొలువులో కాలి అందె విసిరి నిలదీసిన ఆ తల్లి కథ తమిళులకు ఎంత పవిత్రమో మీకు తెలుసు. ఇళంగోవన్ రాసినది పాఠాలు వల్లించే తమిళం కాదు, కత్తిలాంటి తమిళం. దాన్ని పలికింది తెలుగింటి ఆడపడుచు. తమిళులు ఆవిణ్ణి పరాయిదని అనలేదు, కన్నగి అంటే ఇలాగే ఉంటుందన్నారు. విచిత్రం చూడండి, అదే 1942లో గూడవల్లి రామబ్రహ్మంగారు అదే కథను ‘పత్ని’ పేర తెలుగులో తీశారు. అందులో కన్నగి ఋష్యేంద్రమణి. బెజవాడలో పుట్టి నాటకాల్లోనే పెరిగిన మరో మహానటి. ఒకే ఏడాది రెండు భాషల్లో రెండు కన్నగులు, ఇద్దరూ తెలుగు నాటకం కన్నవాళ్ళే. ఇక్కడ తెలుగువాళ్ళం కాస్త గర్వపడితే తప్పులేదు. ఋష్యేంద్రమణి మీద కూడా ఒక సాయంత్రం పెట్టుకోండి, పిలిస్తే వస్తాను.

రామబ్రహ్మంగారు పల్నాటి కథ మొదలుపెట్టి, పూర్తికాకుండానే 1946లో వెళ్ళిపోయారు. మిగిలింది ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. 1947లో ‘పల్నాటి యుద్ధం’ వచ్చింది. గోవిందరాజుల సుబ్బారావుగారు బ్రహ్మనాయుడు, కుర్ర అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడు, ఎస్. వరలక్ష్మి మాంచాల. కన్నాంబగారు నాయకురాలు నాగమ్మ. నా లెక్కలో ఆవిడ వేషాలన్నింటిలో కష్టమైనది ఇదే. ద్రౌపది సభలో బాధితురాలు, కన్నగి బాధితురాలు. నాగమ్మ సభను నడిపే మంత్రి. జనం ఆమెను ముందే విలనుగా తీర్మానించుకుని వస్తారు. వీరగాథలు పాడుకున్న మగవాళ్ళు నాగమ్మకు అంతకంటే మంచిపేరు ఇవ్వలేదు. అలాంటి పాత్రను అరిచి, కళ్ళు ఉరిమి చేయడం సులువు. ఆవిడ అలా చేయలేదు. బ్రహ్మనాయుడితో సమానంగా ఎత్తుకు ఎత్తు వేసే రాజనీతిజ్ఞురాలిగా నిలబెట్టారు. గోవిందరాజులవారు ఎంత నటుడో ‘కన్యాశుల్కం’లో ఆయన లుబ్ధావధాన్లను చూసినవాళ్ళకు తెలుసు. ఆయన ఎదురుగా ఒక్క అంగుళం తగ్గకుండా కూర్చోవడం మాటలా!

తర్వాత 1954. ‘మనోహర’. దర్శకుడు మళ్ళీ ఎల్.వి. ప్రసాద్, సంభాషణలు కరుణానిధి, కొడుకు శివాజీ గణేశన్. తెలుగులోనూ హిందీలోనూ కూడా వచ్చింది. రాజు ఉంపుడుకత్తె చెప్పుచేతల్లో ఉంటాడు. రాణి పద్మావతి అవమానాలు దిగమింగుతూ, ఆవేశపడే కొడుకును ఓర్చుకో ఓర్చుకో అని ఆపుతూ వస్తుంది. కథంతా ఆవిడ మాటే కొడుకు చేతులకు సంకెల. చివర కొడుకు నిజంగానే గొలుసులతో కట్టుబడి ఉంటాడు. అప్పుడు ఆ తల్లి ఇన్నాళ్ళు ఓర్చింది చాలు, ఇక పొంగి లే అంటుంది. తమిళనాట ఆ మాట సామెతలా వాడుకలోకి పోయింది. ఎన్నికల సభల్లో కూడా వినిపిస్తుంది. శివాజీ గొలుసులు తెంపడం అందరికీ గుర్తుంటుంది, పోస్టరు మీద కూడా అదే ఉంటుంది. కానీ ఫోనులో మనోహర దొరికితే ఈసారి శివాజీని వదిలేసి ఆవిణ్ణి చూడండి. మొదట గొంతు దాదాపు మామూలుగా ఉంటుంది. తన జీవితంలో జరిగిన ఒక్కొక్క అవమానాన్నీ మెట్టులా పేర్చుకుంటూ పైకెక్కుతుంది. ఎక్కడా ఊపిరి తీసుకున్నట్టు కనపడదు. తీసుకుంటుంది, అది కనపడకపోవడమే విద్య. చెట్టెక్కి కూర్చున్నవాడి కోసం ఏలూరులో నేర్చిన విద్య అది. పద్యం పోయింది, రాగం పోయింది, భాష కూడా మారిపోయింది. గొంతు నడక మాత్రం హరిశ్చంద్ర కాటిసీనుదే.

ఈ మధ్యలో ఆవిడ, నాగభూషణంగారు నిర్మాతలు కూడా. 1941లో ‘తల్లి ప్రేమ’తో రాజరాజేశ్వరి ఫిలిమ్స్ బ్యానరు మొదలైంది. నాట్యమండలి పేరే సినిమా కంపెనీకి పెట్టుకున్నారు. ‘సౌదామిని’, ‘పేదరైతు’, ‘సతీ సక్కుబాయి’, 1962లో ‘దక్షయజ్ఞం’, ఇలా రెండు దశాబ్దాల పైన. కొన్ని ఆడాయి, కొన్ని ముంచాయి. సినిమా వ్యాపారం గురించి ఇంతకంటే చెప్పడం దండగ.

యాభైల మధ్యనుంచి తెలుగు సినిమా ఆవిణ్ణి తల్లిని చేసి కూర్చోబెట్టింది. సాంఘిక చిత్రాల కాలం. కథలు కొలువుకూటం నుంచి వసారాలోకి వచ్చాయి. వసారాలో ఆడవాళ్ళకు దొరికిన వేషాలు రెండు: ఏడ్చే తల్లి, ఏడిపించే అత్త. రెండోది సూర్యకాంతంగారు ఏలుకున్నారు. మొదటిది కన్నాంబగారి తలకు చుట్టుకుంది. అయినా వాటిలోనూ ఆవిడ గడుసుతనం కనిపిస్తూనే ఉంటుంది. 1957లో ‘తోడికోడళ్ళు’ చూడండి. శరత్ ‘నిష్కృతి’ ఆధారం, ఆదుర్తి సుబ్బారావుగారి దర్శకత్వం. ఎస్.వి. రంగారావు ఇంటి పెద్ద, ఆవిడ ఇల్లాలు అన్నపూర్ణ. అమాయకురాలు, చెప్పుడుమాటలు నమ్మేస్తుంది, మళ్ళీ అంతలోనే ప్రేమ పొంగిపోతుంది. సావిత్రి, సూర్యకాంతం లాంటి ఇద్దరి మధ్య ఆ పెద్దకోడలు ఎక్కడా మసకబారదు. 1962లో ‘ఆత్మబంధువు’లో మళ్ళీ రంగారావుగారు, ఆవిడ దంపతులు. కథ తమిళంలో ‘పడిక్కాద మేదై’గా వచ్చినప్పుడూ ఆ జంటే. ‘లవకుశ’ 1963. అందులో కౌసల్య. నాకు ఇక్కడ ఒక కొరత ఉంది, చెప్పేస్తాను. సీతను అడవికి పంపిన ఇంట్లో, రాముణ్ణి కన్నతల్లి పాత్రలో ద్రౌపదిని, కన్నగిని పలికిన మనిషి ఉంది. కథ ఆవిడ చేత కన్నీళ్ళే పెట్టించింది. కొడుకును సభలో నిలబెట్టి అడిగించి ఉంటే! రామాయణం ఒప్పుకోదంటారు. ఒప్పుకోదు, నిజమే. కానీ గొంతు అక్కడే ఉండి వాడుకోకపోవడం చూస్తే మనసు ఊరుకోదు. ఆ మరుసటి వేసవికే ఆవిడ లేరు.

ఆ గొంతుకు వారసులెవరని నన్ను అడుగుతుంటారు. సావిత్రిగారిలో ఉంది, కానీ ఆవిడ దారి వేరు, కళ్ళతో చెప్పే దారి. జమునగారి సత్యభామలో పౌరుషం ఉంది, అందులో చిలిపితనం పాలు ఎక్కువ. నిండు సభలో నిలబడి పేజీల కొద్దీ వచనం పలికే వేషం తెలుగు సినిమా ఆ తర్వాత మగవాళ్ళకు రాసిపెట్టింది. ‘దానవీరశూరకర్ణ’లో దుర్యోధనుడు పలికిన మాటలు కుర్రాళ్ళకు ఇప్పటికీ కంఠతా వచ్చు. అదే సభలో ద్రౌపది ఏం మాట్లాడిందని అడగండి, ఎంతమంది చెబుతారో చూద్దాం. వినేవాడు లేకపోతే రాసేవాడు ఉండడు. రాసేవాడు లేకపోతే ఎంత గొంతు ఉండీ ఏం లాభం?

ఈ దోషం సినిమావాళ్ళదే అని మనం చేతులు దులుపుకోలేం. మన పద్యనాటకాల్లో చూడండి. హరిశ్చంద్ర ఇప్పుడు నిండుగా ఎవరు ఆడుతున్నారు? వారణాసి ఒక ముక్క, కాటిసీను ఒక ముక్క. డి.వి. సుబ్బారావుగారి పుణ్యమా అని కాటిసీను ఊరూరా బతికే ఉంది, సంతోషమే. కానీ ఆ ముక్కలో కూడా హరిశ్చంద్రుడి పద్యం ప్రతిదానికీ రాగం, దానికొక వన్స్‌మోరు, దానికి మళ్ళీ రాగం. టైము చాలకపోతే కత్తెర పడేది చంద్రమతి పద్యాలకే. కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకుని, కాటిసుంకం అడుగుతున్న మొగుడితో మాట్లాడుతున్న మనిషి ఆవిడ. ఆవిణ్ణి రెండు పద్యాలతో పక్కకు జరిపేసి, ఆయన తత్త్వాలు అరగంట పాడతాడు. కన్నాంబగారు ఇక్కడినుంచే పుట్టారు. ఈ పద్యాలే కోసేస్తే మళ్ళీ ఎవరు పుడతారు?

ఈ రాత్రి మీ ఊళ్ళో ఆడబోయేది కాటిసీనే అని విన్నాను. చంద్రమతి వేషం కట్టిన అమ్మాయి గ్రీన్‌రూములో పద్యాలు వల్లెవేసుకుంటుంటే వచ్చేటప్పుడు చూశాను కూడా. హార్మోనియం మేష్టారికి, కమిటీవారికి నా మనవి ఒక్కటే. ఆ పిల్లకు ఉన్న పద్యాలన్నీ ఉంచండి. చివరి బస్సు దాటిపోతుందని ఎవరైనా అంటే నాకిచ్చిన టైములో ఇంకా పావుగంట మిగిలి ఉంది, అది ఆమెకు ఇచ్చేస్తున్నాను.